రెండు స్తంభాల నడుమ

"కళ్ళు మూసుకొని కూర్చోండన్నా, నేను చెప్పేదాకా తెరవొద్దు" అని నర్సు జాయ్ రెండో కంట్లో కూడా చుక్క వేసి, చేతిలో దూది పెట్టి వెళ్ళిపోయింది. దాదాపీర్ మూసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సు తోలుతున్న మనిషి, సెలవు పెట్టి, పొద్దున పదిన్నరకు, కంటి ఆసుపత్రి వరండాలో, నలుగురి మధ్య, కళ్ళు మూసుకొని కూర్చోవడం అతనికే వింతగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టీరింగు లేని చేతులు మోకాళ్ళ మీద బోర్లా పడి ఉన్నాయి. చుక్క మొదట చల్లగా తగిలింది, తర్వాత మండింది, ఆ తర్వాత ఎట్లా దిగిందో గొంతులో చేదుగా దిగింది. గంట పడుతుందని జాయ్ ముందే చెప్పింది. పది నిమిషాలకోసారి చుక్కలు వేస్తే కంటిపాపలు పెద్దవవుతాయట, అప్పుడు కన్ను లోపలి పొరను ఫొటో తీస్తారట, ఆ ఫొటోను ముందు మిషను చూస్తుందట, తర్వాత డాక్టరు చూసి సంతకం పెడతాడట. ఈ కాలంలో దేన్నైనా ముందు మిషను చూస్తుంది, ఆ తర్వాతే మనిషి చూస్తాడు అనుకున్నాడు దాదాపీర్. అతన్ని కూడా ముందు మిషనే చూసింది. అది చూసిందాన్ని ఆఫీసులో శశికుమార్ కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చాడు. ఆ కాగితం నాలుగు మడతలుగా చొక్కా జేబులో ఉంది, కళ్ళు మూసుకున్నా దాని అంచు గుండెకు తగులుతూనే ఉంది.

ఆ మిషను అగ్గిపెట్టెంత ఉంటుంది. నాలుగు నెలల కిందట బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు తమ బస్సులన్నిటికీ బిగించారు, స్టీరింగు ముందర, సరిగ్గా డ్రైవరు మొహానికి ఎదురుగా. రెప్పలు రెండు సెకన్ల కంటే ఎక్కువ వాలితే కీచుమని అరుస్తుంది, అరిచాక ఆడగొంతుతో "డ్రైవర్ గారూ, దయచేసి అప్రమత్తంగా ఉండండి" అంటుంది, అని ఊరుకోకుండా ఫొటో తీసి ఆఫీసుకు పంపుతుంది. కొత్తచెరువు చుట్టుపక్కల ఊర్ల నుంచి నలభై రెండు మంది ఆడవాళ్ళు రోజూ దాదాపీర్ బస్సులో పెనుకొండ వైపున్న ఆ ఫ్యాక్టరీకి కుట్టుపనికి పోయి వస్తారు. మొదటిసారి అది మాట్లాడినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. వాళ్ళల్లో పెద్దది సుంకమ్మ, "అప్రమత్తం అంటే ఏంది దాదన్నా?" అని అడిగింది. నిద్రబోవద్దని అని చెప్పాడు. "నువ్వు యాడ నిద్రబోతాండావు? రెండు కండ్లు తెరుచుకొని తోలుతాంటే" అని సుంకమ్మ మిషను మీద కోప్పడింది. నిజమే, అప్పుడతను నిద్రపోలేదు. వారం తిరిగేసరికి ఆ మాట బస్సులో ఆట అయిపోయింది. కిటికీకి తలానించి కునికే పిల్లను పక్క పిల్ల పొడిచి "అప్రమత్తంగా ఉండండి" అనేది, బస్సంతా నవ్వేది, మిషను అరిచినప్పుడల్లా ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అందరూ ఒక్క గొంతుతో ఆ వాక్యాన్ని దానికంటే ముందే చెప్పేసేవారు.

తప్పు మిషనుది కాదు, అతని ఎడమ రెప్పది. పదిహేనేళ్ళ కిందట, వేరే బస్సుకు టైరు మారుస్తుంటే ఇనుప లివరు జారి కనుబొమ మీద కొట్టింది. కుట్లు మానాయి గాని రెప్ప పూర్తిగా పైకి లేవడం మానేసింది. సగం వాలిన ఆ రెప్పతోనే లక్షల మైళ్ళు తోలాడు, దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఎండ ఎదురు కొట్టి కుడికన్ను కొంచెం చిట్లించాడా, ఎడమది మొత్తం మూసుకున్నట్టే కనిపిస్తుంది, మిషను అరుస్తుంది. ఇదంతా అతనికి విడమరిచి చెప్పింది కూతురు షీరీన్. "నాయనా, దానికి నీ మొగం తెలీదు. నీ మొగం మీద చుక్కలు పెట్టుకుంటాది అంతే. పైరెప్ప చుక్కకూ కిందిరెప్ప చుక్కకూ నడుమ ఎంత దూరం ఉండాదని కొలుస్తాంటాది" అని వేలితో తన కంటి మీదే చూపించింది. షీరీన్‌కు తెలుస్తుంది, ఆమె పనే అది. కొత్తచెరువులో ఒక మేడ మీద ఇరవై మంది ఆడపిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చొని రోడ్ల ఫొటోల్లో కనిపించే ప్రతి వస్తువు చుట్టూ గీత గీస్తారు. ఇది మనిషి, ఇది ఎనుము, ఇది సైకిలు, ఇది నీడ. అట్లా లక్షల ఫొటోలు చూపిస్తే డ్రైవరు లేని బండికి రోడ్డు అంటే ఏమిటో తెలుస్తుందట. ఒక్కోసారి రాత్రి అన్నం తింటూ ఆమె ఫోన్లో ఒక ఫొటో చూపించి, దూరాన రోడ్డుకు అడ్డంగా ఉన్నది గొర్రెల మందా మేకల మందా అని అడిగేది. దాదాపీర్ చూసి చెప్పేవాడు. గొర్రెలైతే ఒకదాని వెనక ఒకటి పోతాయి, హారను మోగిస్తే బెదిరి ముద్దగా అవుతాయి, మేకలైతే తలా ఒక దిక్కు చెదురుతాయి, వాటి దగ్గర బండి పూర్తిగా ఆపాలి. షీరీన్ శ్రద్ధగా విని, ఇదంతా మిషనుకు చెప్పడానికి గడి లేదు నాయనా, గొర్రె అనో మేక అనో ఒక్కటే రాయాలి అనేది. తండ్రి పనిని తీసేసే బండికి బిడ్డ పాఠం చెబుతోందని ఎవరో ఎగతాళి చేస్తే దాదాపీర్ పట్టించుకోలేదు. అది వచ్చేనాటికి తాను సీటు దిగి ఉంటాడు, మూడో తరానికి ఏ పని ఉంటుందో ఎవరికి తెలుసు అనుకున్నాడు.

పక్కన ఎవరో కదిలారు. ఫోను మోగుతోంది. "ఎవురో చూడప్పా కొంచెం" అని ఆడగొంతు. జాయ్ చెప్పిన మాట మరిచి కళ్ళు తెరిచాడు. ఫోను ఉందని తెలుస్తోంది గాని అది వెలుగుతున్న తెల్లని పలక మాత్రమే, అక్షరాలు నీళ్ళల్లో పడ్డట్టున్నాయి. నాక్కూడా కనపడ్డంల్యా అవ్వా అన్నాడు. ఆమె నవ్వింది. ఆమె పేరు తిప్పమ్మట, బెళుగుప్ప నుంచి వచ్చిందట, కళ్ళకు శుక్లాలట. కూతురు చీటీ రాయించడానికి పోయిందట, ఫోను చేసింది కూడా ఆ కూతురే అయి ఉండాలట. ఫోను మోగి మోగి ఆగిపోయింది. తిప్పమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని తన ఊరి గురించి చెప్పుకుపోయింది. ఊరి చుట్టూ గాలిమరలు నిలబెట్టారట, ఎక్కడ చూసినా తిరుగుతుంటాయట. "వాన పడకపోయినా మాకు గాలికి ఏనాడూ కొదవ లేదప్పా. ఇప్పుడు దానికీ గిరాకి వచ్చింది" అంది. తర్వాత నువ్వేం పని చేస్తావని అడిగింది. బస్సు తోలుతానని చెప్పాడు. తిప్పమ్మ అతని గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఇప్పుడు తోలవు గదా" అని అడిగింది. దాదాపీర్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

జాయ్ వచ్చి మళ్ళీ చుక్కలు వేసింది. మళ్ళీ చేదు, మళ్ళీ రెప్పల వెనక ఎర్రటి చీకటి. ఆ చీకట్లో గుర్రపు డెక్కల చప్పుడు లాంటిది వినిపించింది, ఎవరో చెప్పులు టకటకలాడిస్తూ వరండాలో పోతున్నారు కాబోలు. పామిడిలో తన చిన్నతనంలో నాయన అతావుల్లా జట్కా తోలేవాడు. పామిడి గుడ్డల మూటలు చుట్టుపక్కల సంతలకు మోసేవాడు. తిరుగుదారిలో మూటలు ఉండవు, ఎండ తగ్గి ఉంటుంది, నాయన పగ్గం మోకాలికి చుట్టుకొని నిద్రపోయేవాడు. పక్కన కూర్చున్న దాదాపీర్‌కు భయమేసేది కాదు, ఎందుకంటే గుర్రానికి అన్నీ తెలుసు. పగ్గం వదులైన సంగతి దానికి తెలిసిపోయేది, నడక తగ్గించేది, ఎదురుగా లారీ వస్తే పక్కకు ఒదిగి నిలబడేది, పెన్న ఇసుక మీదికి దిగే చోట నాయన లేచేదాకా కదిలేది కాదు. నాయన రోజూ నిద్రపోయాడు. ఆ నిద్ర ఎవరికీ తెలియలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాదాపీర్‌కు పెద్దబండి లైసెన్సు వచ్చిన రోజు మిఠాయి తీసుకుపోయి ఇస్తే నాయన అది తినకుండా చేతిలోనే పెట్టుకొని అడిగాడు. "నువ్వు నిద్రబోతే అది నిలబడతాదా?" నిలబడదు నాయనా అని చెప్పాడు. "అట్లయితే అది బండి మాత్రమే. గుర్రం నువ్వే" అన్నాడు నాయన, అని మిఠాయి నోట్లో వేసుకున్నాడు. అప్పుడా మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ మాట మీదే బతికాడు దాదాపీర్. పండగ ముందు రాత్రి జాగారం చేస్తే మర్నాడు సెలవు పెట్టేవాడు. పెళ్ళి బస్సులు ఒప్పుకునేవాడు కాదు. తోటి డ్రైవర్లు ముసలి గుర్రం అని వెక్కిరించేవారు గాని తమ పిల్లలను ఊరికి పంపాల్సి వస్తే దాదాపీర్ బండిలోనే ఎక్కించేవారు.

మూడు వారాల కిందటి ఆ రోజు శనివారం, ఒంటిపూట పని. రెండున్నరకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళను ఎక్కించుకున్నాడు. ఎండ వెనక నుంచి ఉంది, కళ్ళల్లోకి లేదు, ఆ సంగతి అతనికి బాగా గుర్తు, ఎందుకంటే ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు ఆ ఎండను ముందుకు తెచ్చి పెట్టుకోవాలని చూసినా అది రాలేదు. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నాడు. పొద్దున సంగటి తిన్నాడు, మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాడు, జ్వరం లేదు, దిగులు లేదు. భార్య రంజాన్ బీతో తగాదా కూడా లేదు. చిత్రావతి వంతెనకు ముందు రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎడమ పక్కన కరెంటు స్తంభాలు వరసగా. ఒక స్తంభానికి ట్యూషను చెబుతామని పచ్చ కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మూల ఊడి గాలికి కొట్టుకోవడం చూశాడు. ఆ తర్వాత చూసింది తర్వాతి స్తంభం, అది కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది, అది అప్పటికే కిటికీ పక్కన ఉంది, చెవిలో కీచుమని అరుపు, ఎడమ చక్రాల కింద కంకర కరకరలాడుతోంది, ముందర వంతెన గోడ. చేతులు వాటంతట అవే బండిని తారు మీదికి లాగాయి, మెల్లగా, గట్టిగా లాగితే బోల్తా పడుతుందని ఆ చేతులకు తెలుసు. ఆ రెండు స్తంభాల నడుమ ఉన్న నేల అతని కళ్ళు చూడలేదు. చెట్టుందో, మనిషి నడుస్తున్నాడో, మేకలున్నాయో తెలియదు. వంద అడుగులో నూట యాభై అడుగులో, నలభై రెండు మందిని వెనక కూర్చోబెట్టుకొని అతను అక్కడ లేడు. "డ్రైవర్ గారూ" అని మిషను మొదలుపెట్టగానే వెనక నుంచి అందరూ "దయచేసి అప్రమత్తంగా ఉండండి" అని అందుకున్నారు, చప్పట్లు కొట్టారు, సుంకమ్మ "మళ్ళా మొదలుపెట్టిందే ఈయమ్మ" అంది. బస్సంతా నవ్వింది. దాదాపీర్ కూడా నవ్వాడు. అద్దంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఎట్లా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. నిద్ర తప్పయితే అది శరీరం చేసిన తప్పు, నవ్వింది మాత్రం తానే.

ఆ తర్వాత రాత్రులు నిద్ర లేదు. పక్క మీద కళ్ళు మూస్తే పచ్చ కాగితం కొట్టుకునేది, లేచి కూర్చునేవాడు, రంజాన్ బీ లేచి నీళ్ళిచ్చేది, ఏమైందని అడిగితే వేడి అనేవాడు. పగలు తోలేటప్పుడు పచ్చిమిరపకాయ కొరికి బుగ్గన పెట్టుకునేవాడు, స్తంభాలు ఒక్కొక్కటీ లెక్క పెట్టుకుంటూ పోయేవాడు. ఈలోగా శశికుమార్ పిలిచాడు. ఫ్యాక్టరీ బండ్ల పని చూసేవాడు, ముప్పై ఏళ్ళు నిండని పిల్లవాడు, మర్యాదస్తుడు, అన్నా అనకుండా మాట్లాడడు. నెలలో పదకొండు హెచ్చరికలు వచ్చాయని, ఇంకే డ్రైవరుకూ మూడు దాటలేదని, పైవాళ్ళు అడుగుతున్నారని చెప్పి ఫొటోలున్న కాగితం చేతికిచ్చాడు. "నీ రెప్ప సంగతి నాకు తెలుసన్నా. కంటి డాక్టరు దగ్గర లెటరు తెచ్చియ్, చాలు. మిషను బిగించినోళ్ళతో చెప్పి నీ బండిలో కండ్లు చూసేది ఆపిస్తా. బెల్టూ ఫోనూ మాత్రం చూసుకుంటాది" అన్నాడు. షీరీన్ ఊరుకోలేదు, తండ్రి తరఫున ఆఫీసుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం పంపింది, అందులో ఏం రాశావని అడిగితే తెలుగులో చదివి వినిపించింది. మా నాయన ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా స్టీరింగు మీద కన్ను మూయలేదు అని ఉంది. దాదాపీర్ విని తలాడించాడు. ఫొటోల కాగితం మాత్రం ఆమెకు చూపించలేదు. తపాలా బిళ్ళంతటి పదకొండు ఫొటోలు, అన్నిట్లో తన మొహమే. పదింటిలో ఎడమ రెప్ప వాలి ఉంది, కుడికన్ను సన్నగానైనా తెరిచే ఉంది. ఏడోదాంట్లో రెండూ మూసి ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకొని ఉంది, దవడ జారి ఉంది. శశికుమార్ పైపైన చూశాడు కాబట్టి కనిపెట్టలేదు. ఫొటోల్లో పొద్దుపోయేదాకా మనుషులను వెతికే షీరీన్ చూస్తే ఒక్క క్షణంలో కనిపెడుతుంది.

అద్దంలో తన మొహం లక్షసార్లు చూసుకున్నాడు గాని నిద్రపోతున్న మొహం మొదటిసారి చూడటం ఆ ఫొటోలోనే. ఎవరూ తమ నిద్రమొహం చూసుకోలేరు. నాయన నిద్రమొహం గుర్తుంది, జట్కా మీద ఊగుతూ ఉండేది, సరిగ్గా ఇట్లాగే దవడ జారి. పోలిక చూసి మొదట ప్రేమ కలిగింది, ఆ తర్వాతే భయం వేసింది. ఆ అగ్గిపెట్టెను తిట్టని రోజు లేదు, దాని గొంతు వినగానే ఒళ్ళు మండేది, కాని ఆ శనివారం అతన్ని పేరు లేకుండా పిలిచి లేపింది అదే. అది లేకపోతే వంతెన గోడ లేపేది. ఇప్పుడు లెటరు తీసుకుపోతే దాని కళ్ళు మూయిస్తారు. రేపో, ఎల్లుండో, ఇంకో శనివారమో, రెండు స్తంభాల నడుమ తాను మళ్ళీ లేకుండా పోతే పిలిచేవాళ్ళుండరు. లెటరు తీసుకుపోకుండా నిజం చెబితే సీటు పోతుంది. యాభై నాలుగేళ్ళ మనిషికి, నిద్రపోయాడని పేరు పడ్డ డ్రైవరుకు, ఈ చుట్టుపక్కల ఇంకో బండి ఎవరిస్తారు? ఎటు తిప్పినా ఇరుకైన మలుపే. వరండాలో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. తిప్పమ్మ కూతురు ఇంకా రాలేదు. వచ్చే వెలుగంతా రెప్పల మీద బరువుగా నిలబడి ఉంది.

మూడోసారి చుక్కలయ్యాక జాయ్ చెయ్యి పట్టుకొని చీకటి గదిలోకి తీసుకుపోయింది. గడ్డం ఒక ఇనుప చట్రం మీద పెట్టమంది, పచ్చని వెలుగు చూడమంది, చూశాడు, మెరుపు మెరిసింది, ఇంకోటి మెరిసింది. పక్క గదిలో డాక్టరు దివాకర్ తెర మీద రెండు నారింజ రంగు గుండ్రాలు చూస్తూ కూర్చున్నాడు. దాదాపీర్‌కు అవి రెండు సూర్యుళ్ళలా మసకగా కనిపించాయి. కన్ను లోపల శుభ్రంగా ఉందని, షుగరు వల్ల పొర పాడవలేదని, మిషను కూడా అదే చెప్పిందని డాక్టరు అన్నాడు. రెప్పను ఎత్తే కండకు పాత దెబ్బ తగిలింది, చూపుకు ఏ లోటూ లేదు, ఆ కెమెరా మీ విషయంలో పొరబడుతోంది, లెటరు రాసిస్తాను అని కలం తీశాడు. ఇంతకాలం ఎవరితోనైనా అనాలనుకున్న మాటను డాక్టరే అనేశాడు. పొరబడుతోంది. ఇక లేచి దండం పెట్టి పోవడమే.

"సార్, పదకొండు ఫొటోల్లో పది దొంగవి. ఏడోది నిజం" అన్నాడు దాదాపీర్.

కలం ఆగిన చప్పుడు కూడా వినిపించినట్టయింది. మొహం కనిపించకపోవడం వల్ల చెప్పడం తేలికైంది, డాక్టరున్న చోట తెల్లని మరక మాత్రమే ఉంది, ఆ మరకతో అంతా చెప్పేశాడు, పచ్చ కాగితం, కంకర చప్పుడు, నవ్వు. డాక్టరు అడ్డు రాలేదు. అంతా విన్నాక, గురక పెడతారా అని అడిగాడు. పక్కింటికి వినిపిస్తుందని రంజాన్ బీ అంటుందని చెప్పాడు. ఎనిమిది గంటలు పడుకున్నా లేచాక తల బరువుగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది, చాన్నాళ్ళ నుంచి ఉంటుంది, వయసు అనుకున్నాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఒకటుందని, అదున్నవాళ్ళు ఎంత పడుకున్నా నిద్రపోనట్టేనని, అదేనో కాదో అనంతపురంలో పరీక్ష చేసి చెబుతారని, అదే అయితే వైద్యం ఉందని డాక్టరు నిదానంగా చెప్పాడు. ఆ తర్వాత, కంటి సంగతి నేను రాస్తాను, అది నిజం కాబట్టి, మిగతాది నేను రాయలేను, మీరే చెప్పుకోవాలి అన్నాడు. దాదాపీర్ సరే అన్నాడు. లేచి నిలబడ్డాడు గాని తలుపు ఎక్కడుందో తెలియలేదు, జాయ్ మళ్ళీ చెయ్యి పట్టుకుంది.

బెంచీ మీద కూర్చున్నాక శశికుమార్ నంబరు వెతికి కలపమని జాయ్‌ను అడిగాడు. ఆమె కలిపి చెవి దగ్గర పెట్టి పోయింది. లెటరు వచ్చిందా అన్నా అని శశికుమార్ సంతోషంగా అడిగాడు. వస్తోందని, అయితే ఆ లెటరు ఏడో ఫొటోకు పనికిరాదని దాదాపీర్ చెప్పాడు. అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చాలాసేపటికి శశికుమార్ గొంతు తగ్గించి, "అన్నా, ఇది నేను విననట్టే ఉంటా. లెటరు తెచ్చియ్" అన్నాడు. పిల్లవాడు మంచివాడు, ఆ మంచితనానికి ఒక్క క్షణం తల వంచాలనిపించింది.

"నువ్వు వినాల్సిందే నాయనా. నా ఎనక నలభై రెండు మంది కూచోనుంటారు. కండ్లు చూసేది ఆపిస్తివంటే, మళ్ళా నేను నిద్రబోయిన పొద్దు నన్ను లేపేదెవురు?"

శశికుమార్ నిట్టూర్చాడు. అయితే రాసుకోవాల్సి వస్తుందన్నాడు, రాసుకోమని దాదాపీర్ అనంతపురం పరీక్ష సంగతి కూడా చెప్పాడు. పరీక్ష అయ్యి, డాక్టర్లు సరే అనేదాకా బండి ఇవ్వలేనని శశికుమార్ అన్నాడు, తెలుసని దాదాపీర్ అన్నాడు. రేపటి నుంచి ఓబిలేష్ తోలుతాడని, షెడ్డులో టైర్లూ ఆయిలూ చూసే పనికి మనిషి కావాలని, తాను పైవాళ్ళతో మాట్లాడతానని, మాట ఇవ్వలేనని శశికుమార్ అన్నాడు. ఫోను పెట్టేశాక దాదాపీర్ చేతులు వణుకుతున్నాయేమోనని చూసుకోబోయాడు, కనిపించలేదు, ఒకదాన్నొకటి పట్టుకొని చూస్తే నిబ్బరంగానే ఉన్నాయి. సాయంత్రం షీరీన్‌కు ఆ కాగితం ఇవ్వాలి. ఆమె ఉత్తరంలో ఒక్క వాక్యం తప్పని చెప్పాలి. ఆమె ఏడవదు, ఫొటోను దగ్గరగా చూస్తుంది, చాలాసేపు చూస్తుంది. అది తర్వాత. ముందు ఇంకొకరున్నారు. తిప్పమ్మ కూతురు అప్పుడే చీటీతో వచ్చింది. ఆమె చేత సుంకమ్మ నంబరు కలిపించుకున్నాడు. ఫ్యాక్టరీలో అన్నాల వేళ, వెనక గిన్నెల చప్పుడు, నవ్వులు. కాస్త పక్కకు రమ్మన్నాడు. ఒక చోటికి వచ్చింది, చప్పుడు తగ్గింది.

"సుంకమ్మా, మూడు వారాల కింద శనివారం వంతెన కాడ మిషను అరిస్తే మీరంతా నవ్వినారే. ఆ పొద్దు నేను నిజంగానే నిద్రబోయింటి" అన్నాడు.

"తెల్సన్నా" అంది సుంకమ్మ. "అద్దంలో నీ తల వాలింది చూసినా. అరవబోయేలోపల మిషను అరిచింది."

ఆమె తానే చెప్పుకొచ్చింది, బట్టలు మడత పెడుతున్నంత నెమ్మదిగా. చెబితే అతని బండి పోతుంది, చెప్పకపోతే అందరి పానాలు, రెండు దినాలు అన్నం సహించలేదట. ఆ పొద్దు మిషనును ఎగతాళి చేసింది కూడా పిల్లలు బెదరకూడదనేనట. చంటిబిడ్డ తల్లులు ఆ బస్సులో తొమ్మిది మంది ఉన్నారట. మూడో దినం నుంచి అతని వెనక సీట్లోకి మారి, ఊరు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉందట, చేను గురించి, కోడలి గురించి, లేని సంగతులు కూడా కల్పించి. కొంగు పిన్ను ఒకటి చేతిలోనే పెట్టుకునేదట, తల మళ్ళీ వాలితే భుజంలో గుచ్చడానికి. దాదాపీర్‌కు ఈ మూడు వారాలు గుర్తొచ్చాయి, చెవి వెనక ఆగని ఆ మాటలు, ముసలిది ఎందుకిట్లా వాగుతోందని విసుక్కోవడం.

"నువ్వు నవ్వితివే, అందుకే నాకు కోపం" అంది సుంకమ్మ. "నిద్రకు కాదు."

"నాకూ దానికే" అన్నాడు.

రేపు ఎవరొస్తారని అడిగింది. ఓబిలేష్ అని, తాను నిద్ర జబ్బు పరీక్షకు అనంతపురం పోవాలని చెప్పాడు. వయసు పిల్లవాడైనా ఆ మిషను ఆపనివ్వొద్దని, ఇకమీదట అది అరిస్తే బస్సులో ఎవరూ నవ్వకూడదని, ముందు డ్రైవరు మొహం చూడాలని పిల్లలందరికీ చెప్పమన్నాడు. సుంకమ్మ సరే అంది. ఆ వెంటనే, "పరీక్షకు ఎప్పుడు పోతావు? ఒక్కనివే పోగాకు" అంది. అన్నాల గంట అయిపోయినట్టుంది, అటువైపు మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి, వందల కుట్టుమిషన్లు కలిసి వాన కురుస్తున్నట్టు వినిపించాయి, ఆ వానలో ఆమె గొంతు పోయింది.

చుక్కల ప్రభావం సాయంత్రం దాకా ఉంటుందని, ఎండలోకి ఇప్పుడే వెళ్ళొద్దని, లెటరు అచ్చయ్యేదాకా ఇక్కడే కూర్చోమని జాయ్ చెప్పి పోయింది. పోవలసిన చోటు కూడా ఏదీ లేదు. అయిదున్నర ట్రిప్పు లేదు, రేపు పొద్దుటి ట్రిప్పూ లేదు. వరండా అంతా తెల్లగా ఉంది, మనుషులు అంచులు లేకుండా కదులుతున్నారు, ఎవరు ఎవరో తెలియడం లేదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఈ గంటలో అతను దేన్నీ గుద్దకుండా చూడాల్సిన బాధ్యత ఎవరూ అతని మీద పెట్టలేదు. బెంచీ గోడ చల్లగా వీపుకు తగిలింది. తల ఆనించాడు. పచ్చ కాగితం కనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. కనిపించలేదు. గొంతులో చేదు మెల్లగా కరిగిపోయింది, చేతులు మోకాళ్ళ మీద నుంచి పక్కకు జారాయి, వాటిని సర్దుకోవాలనిపించలేదు. ఎవరో దగ్గరికొచ్చి, లెటరు అచ్చయిందని ఈయనకు చెప్పాలా అని అడుగుతున్నారు. తిప్పమ్మ గొంతు, చాలా దూరం నుంచి, "ఉండనీమ్మా, ఆయప్పను లేపొద్దు. బో అలిసిపోయినట్టుండాడు" అంది.